రాజేశం అన్న చేతికి సరిపోని తుపాకీ

2023 ఏప్రిల్. ఖతార్‌లోని అల్ రయ్యాన్‌లో ఒక పెద్ద కుటుంబం వారి విల్లా ప్రాంగణం. గేటు పక్కన డ్రైవర్ల గది, దాని వెనక కిటికీలు లేని మరో చిన్న గది. రెండు తాళాల ఇనుప తలుపు, లోపల ఒక బల్ల, గోడకు స్టీలు అలమారా, రాత్రింబగళ్ళు తిరిగే ఏసీ. ఆ గది తాళాలు నా దగ్గర ఉండేవి. మన ఆర్మీలో ఆయుధాలు భద్రపరిచే గదిని కోత్ అంటారు. పద్దెనిమిదేళ్ళు ఆర్మరర్‌గా, అంటే తుపాకులు చూసుకునే మెకానిక్‌గా చేసి బయటికొచ్చినవాణ్ణి కనుక ఖతార్‌లో కూడా దాన్ని కోత్ అనే పిలిచేవాణ్ణి. మాది విజయనగరం దగ్గర పల్లె. అక్కడ ఎవరైనా ఏం పని చేస్తున్నావని అడిగితే స్టోర్ కీపర్నని చెప్పి తప్పుకునేవాణ్ణి. నిజం చెబితే ఇక ఆ పూటకు మనల్ని వదలరు.

ఖతార్‌లో తుపాకులేమిటని మీకూ అనిపించవచ్చు. ఇక్కడ మామూలు మనిషి నడుముకు తుపాకీ పెట్టుకుని తిరిగే మాటే లేదు. సెక్యూరిటీ గార్డుల్లో దాదాపు ఎవరి దగ్గరా వాకీటాకీ తప్ప మరొకటి కనబడదు. ప్రత్యేక అనుమతి మీద నడిచే జట్లు చాలా కొద్ది. అలాంటి ఒక జట్టులో నేను పనిచేశాను. ఆ కుటుంబంలో పెద్దాయనను అందరూ బాబా అనేవారు. ఎనభై దాటిన మనిషి. ఆయన వెంట తిరిగేవాళ్ళు పన్నెండు మంది, అందరూ ఏదో ఒక దేశం సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళే. వాళ్ళ తుపాకులన్నీ పొద్దున నా చేతి మీదుగా బయటికి వెళ్ళి, డ్యూటీ దిగాక నా చేతికే తిరిగి రావాలి.

ఆ జట్టులో అందరికన్నా పాతవాడు రాజేశం అన్న. జగిత్యాల వైపు మనిషి. పదిహేనేళ్ళు ఫౌజులో, అంటే మన ఆర్మీలో చేసి, పందొమ్మిదేళ్ళుగా బాబా కారు నడుపుతూ, కాపలా కాస్తూ ఉన్నాడు. బాబాకు చెప్పు తొడగాలన్నా, కారు దిగేటప్పుడు మోచెయ్యి పట్టాలన్నా రాజేశమే ఉండాలి. మాటలు తక్కువ, మీసాలు ఎక్కువ. అల్ వక్రాలో మేము ఉండే ఫ్లాటుకు శుక్రవారం భోజనానికి వచ్చేవాడు. మా ఆవిడ పార్వతి చేసే ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఆయనకు మొదట్లో నచ్చలేదు, తర్వాత అది లేకపోతే అడగడం మొదలుపెట్టాడు. టీ ఇస్తే మాత్రం గ్లాసు సగమే పొయ్యమనేవాడు. ఎందుకో ఒకసారి కనుక్కోమని పార్వతి నాతో అంది. షుగరేమోలే అన్నాను. తుపాకీలో వెంట్రుకంత పగులు కనిపెట్టగల నాకు ఎదురుగా కూర్చుని టీ తాగే మనిషి కనబడలేదు.

ఆ ఏప్రిల్‌లో పాత ఉక్కు పిస్టళ్ళన్నీ తీసేసి పాలిమర్ పిస్టళ్ళు తెప్పించాలని మా సెక్యూరిటీ మేనేజర్ నిర్ణయించాడు. జోర్డాన్ మనిషి, మాటంటే మాటే. మూడు మోడళ్ళు తెప్పించి నా బల్ల మీద పెట్టి, వీటిలో ఏది కొనాలో నువ్వే చెప్పు అన్నాడు. పాలిమర్ అంటే ప్లాస్టిక్ జాతి. పిల్లల బొమ్మల ప్లాస్టిక్ కాదు, సుత్తితో కొట్టినా పగలనిది. పిడి, కింది భాగం దానితో ఉంటాయి. పైన వెనక్కీ ముందుకీ కదిలే స్లైడు, లోపలి గొట్టం మాత్రం ఉక్కే.

రోజంతా ఒంటి మీద పెట్టుకుని తిరిగే తుపాకీని మా వృత్తిలో ఎవ్రీడే క్యారీ అంటారు. దాన్ని ఎంచడం వేరే విద్య. షూటింగ్ రేంజిలో గంటసేపు బాగా పేలేది పన్నెండు గంటల డ్యూటీకి పనికిరాకపోవచ్చు. కేటలాగు చూసి తుపాకీ కొనడం ఫోటో చూసి పెళ్ళి చేసుకోవడం లాంటిది. తుపాకీ బరువెంతో కాగితం మీద కాదు, సాయంత్రం నాలుగింటికి నడుము చెబుతుంది. ఇక్కడి ఎండలో చొక్కా లోపల చెమట ధారగా కారుతుంది, ఉక్కు తుప్పు పడుతుంది. పాలిమర్‌కు ఆ బాధ లేదు, బరువూ తక్కువ. చెయ్యి చిన్నదైతే పిడి వెనకభాగం మార్చుకోవచ్చు. దానితో వచ్చిన చిక్కల్లా అలవాట్లది. పాత ఉక్కు పిస్టల్‌కు బొటనవేలి దగ్గర పేలకుండా ఆపే సేఫ్టీ లివర్ ఉండేది, వెనక తూటాను పేల్చడానికి కొట్టే హ్యామర్ ఉండేది. మేము కొనబోయేవాటికి ఆ రెండూ లేవు. సేఫ్టీ ట్రిగ్గర్‌లోనే ఇమిడి ఉంటుంది. అంటే వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళనంతవరకు భద్రం, వెళ్ళిందంటే ఇక ఆపేది ఏదీ లేదు.

ఒక్కొక్కరినీ కోత్‌కు పిలిచి పరీక్ష పెట్టాను. పిడి అరచేతిలో ఎలా కూర్చుంది, వేలు ఎంతవరకు అందుతోంది, కూర్చుని లేస్తే ఎక్కడ గుచ్చుకుంటోంది అన్నీ రాసుకున్నాను. చివర్లో ఖోకా పరీక్ష. పేలిన తూటా తాలూకు ఖాళీ గొట్టాన్ని ఫౌజులో ఖోకా అంటారు. తుపాకీ ఖాళీ అని ఇద్దరం చూసుకున్నాక స్లైడు మీద ముందువైపు ఆ ఖోకాను నిలబెడతాను. అది పడకుండా ట్రిగ్గర్ నొక్కాలి. చెయ్యి ఎంత నిలకడగా ఉందో చెప్పడానికి ఇంతకన్నా చవకైన పరికరం నాకు తెలియదు.

పదకొండు మంది వచ్చారు, రాజేశం అన్న రాలేదు. పిలిచిన రోజున డ్యూటీ మార్చుకున్నాడు. మళ్ళీ పిలిస్తే బాబాను మజ్లిస్‌కు, అంటే పెద్దలు కలిసి కూర్చునే చోటికి తీసుకెళ్ళాలన్నాడు. కొత్త కోడలు వంటింట్లోకి రావడానికి కూడా ఇంత ముహూర్తం చూసుకోదని ఎగతాళి చేశాను. నవ్వలేదు. మూడోసారి మేనేజరే చెప్పేసరికి ఒక మధ్యాహ్నం వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

పాలిమర్ పిస్టల్ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టేశాడు.

"ఇది పోరగాండ్లు ఆడుకునే దాని లెక్కున్నది తమ్మీ. చేతుల ఉన్నట్టే లేదు. నాకు నా పాతదే ఉండనియ్యి."

పాతకాలపు ఫౌజీ మొండితనం అనుకున్నాను. నచ్చినా నచ్చకపోయినా పరీక్ష పూర్తి చెయ్యాలన్నాను. పిస్టల్ ఎత్తాడు, ఖోకా నిలబెట్టాను. ఆయన ట్రిగ్గర్ మీద వేలు పెట్టకముందే అది పడిపోయింది. బల్ల కదిలిందేమోనని మళ్ళీ పెట్టాను. మళ్ళీ పడింది. మూడోసారి నా కళ్ళు ఖోకా మీద కాక ఆయన మణికట్టు మీద ఉన్నాయి. వణుకు. భయంతో వచ్చేది కాదు, అలసటతో వచ్చేదీ కాదు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే సన్నగా, ఆగకుండా ఊగుతోంది.

అలమారాలోంచి ఆయన పాత ఉక్కు పిస్టల్ తీసి ఇచ్చాను. కిలో పైచిలుకు బరువు. దాన్ని పట్టుకోగానే వణుకు చాలావరకు అణిగింది. ఖోకా ఒకసారి పడింది, రెండోసారి నిలిచింది. ఇన్నాళ్ళూ ఆ బరువే ఆయన చేతిని కాపాడిందని అప్పుడు అర్థమైంది.

తలుపు దగ్గరగా వేసి, ఎప్పటినుంచి అని అడిగాను. మూడేళ్ళు దాటిందట. మొదట్లో కుడి చెయ్యి, ఇప్పుడు రెండూ. డాక్టరుకు చూపించలేదు. చూపిస్తే రిపోర్టు ఆఫీసుకు వస్తుంది, ఆ మర్నాడు టికెట్టు చేతికొస్తుంది. ఉద్యోగం పోతుందని భయపడుతున్నాడేమో అనుకుని, ఇంటికి వెళ్ళి హాయిగా ఉండవచ్చు కదా, నీకేం తక్కువ అన్నాను. దానికి వాళ్ళ అన్న సంగతి చెప్పాడు.

"మా అన్న లింగయ్యకు గిట్లనే వణికేటియి చేతులు. బువ్వ తింటే సగం కిందనే పడేది. పొద్దుగాల్నే తాగుతుండు అని ఊరంత అన్నరు. నేను మిలిట్రీల నుంచి లీవుల పోయిన. పంచాయతి కాడ పది మంది ముందల అంగి పట్టి గుంజి చెంప మీద కొట్టిన. తాగలేదురా, ఒట్టు అన్నడు. కొట్టిన చెయ్యి గిదే తమ్మీ. గిప్పుడు గిది వణుకుతున్నది."

వాళ్ళ వైపు గల్ఫ్‌లో ఏ దేశాన్నైనా దుబాయ్ అనే అంటారు. "ఊరికి పోతే నన్ను గూడ తాగుబోతోడు అంటరు. దుబాయ్‌ల బాగా మరిగిండు అంటరు. బాబా ఇంకెన్ని దినాలు ఉంటడో ఎవలకు ఎరుక. అప్పటిదాంక నన్ను ఉండనియ్యి. రాసుడు నీ చేతుల ఉన్నది."

రాయడం నిజంగానే నా చేతిలో ఉంది. ప్రతి మనిషికీ వెపన్ ఫిట్ షీట్ అని ఒక కాగితం ఉంటుంది. ఈ మనిషికి ఈ ఆయుధం సరిపోయింది, లేదా సరిపోలేదు, కారణం ఇది అని ఆర్మరర్ రాసి సంతకం పెట్టాలి. ఆయుధం పట్టడానికే ఈ మనిషి పనికిరాడు అనిపిస్తే రాయడానికి వేరే గడి కూడా ఉంది. ఆ గడి నేను అంతకుముందెప్పుడూ నింపలేదు. ఆ రోజూ నింపలేదు. పాలిమర్ మోడల్ చేతి పరిమాణానికి సరిపోలేదు, పాత పిస్టల్‌నే కొనసాగించాలి అని రాసి సంతకం పెట్టాను. రాజేశం అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. అది భుజం మీద కూడా వణకడం నాకు తెలిసింది.

పైగా నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆయన ఉద్యోగం నిలబడింది, బరువైన తుపాకీ వణుకును అణుస్తుంది, ఎవరికీ నష్టం లేదు అనుకున్నాను. మా వృత్తిలో మొదటి పాఠం, ఒక జట్టులో రెండు రకాల తుపాకులు ఉండకూడదని. ఎవరి తుపాకీ ఎవరి చేతికి వచ్చినా వేళ్ళు వెతుక్కోకుండా పనిచెయ్యాలి. ఫౌజులో కొత్తవాళ్ళకు ఆ పాఠం చెప్పినవాణ్ణే నేను. స్నేహం ముందు అది పుస్తకాల్లో మాటలా కనిపించింది.

నవంబరులో ఒక ఆదివారం ఉదయం బాబాను పరీక్షలకు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రాజేశం అన్న కారు నడిపాడు, పక్కన నేపాలీ గార్డు థాపా. లోపలికి తుపాకీ తీసుకువెళ్ళకూడదు. లోపలికి వెళ్ళేవాడు తన పిస్టల్‌ను ఖాళీ చేసి, కారులో ఉండేవాడికి చూపించి ఇవ్వాలి. అతను మళ్ళీ ఒకసారి చూసుకుని సీటు కింద ఉన్న ఇనుప పెట్టెలో పెట్టి తాళం వెయ్యాలి. మామూలుగా రాజేశం అన్నే లోపలికి వెళ్ళేవాడు. కొన్నాళ్ళుగా బాబాకు చక్రాల కుర్చీ వచ్చింది. దాన్ని దించి, విప్పి, ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టడానికి థాపా ముందుకు దూకాడు. ఇచ్చిపుచ్చుకోవడం హడావిడిలో జరిగింది. థాపా తన పాలిమర్ పిస్టల్‌ను ఖాళీ చెయ్యకుండానే డ్రైవరు పక్క సీటులో పెట్టి, యల్లా, తొందరగా, నువ్వు చూసుకో అని కుర్చీ పట్టుకుని వెళ్ళాడు.

దాన్ని ఖాళీ చేసి పెట్టెలో పెట్టాలని రాజేశం అన్న చేతిలోకి తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఆయన చెయ్యి నేర్చుకున్న వరస ఒకటుంది. మొదట బొటనవేలు లివర్ మీదికి పోవాలి, తర్వాతే మిగతావన్నీ. ఆ బొటనవేలు లేని లివర్‌ను వెతికింది. వెతుకులాటలో పట్టు జారింది. తేలికైన తుపాకీ, వణికే చెయ్యి, జారకుండా పట్టుకోబోయిన వేలు ట్రిగ్గర్ మీద పడింది. సరిగ్గా అప్పుడే బాబా మెడికల్ ఫైలు మరిచిపోయానని థాపా వెనక్కి వచ్చి కారు తలుపు మీద చెయ్యి వేశాడు. తూటా తలుపులోంచి దూసుకెళ్ళి అతని ఎడమకాలి పిక్క ఎముకను విరిచింది.

ఆసుపత్రి వాకిట్లోనే జరగడం వల్ల థాపా ప్రాణానికి ముప్పు రాలేదు. పోలీసులు వచ్చారు. రాజేశం అన్నను వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, తాగి ఉన్నావా అని. అడగడంలో వాళ్ళ తప్పేమీ లేదు. తుపాకీ పేలింది, చేతులు వణుకుతున్నాయి, ఎవరైనా అదే అడుగుతారు. రక్తం తీసి పరీక్షకు పంపారు. ఆ మాట పనివాళ్ళు ఉండే క్యాంపులో ఒక నోటి నుంచి ఇంకో నోటికి, అక్కణ్ణించి ఫోన్లలో జగిత్యాల వైపు ఊళ్ళకు సాయంత్రంలోగా చేరిపోయింది. పరీక్షలో ఏమీ లేదని తేలిన సంగతి మాత్రం ఎవరూ పంపలేదు.

పోలీసుల తర్వాత డాక్టర్లు చూశారు. ఇది కొన్ని కుటుంబాల్లో తరం నుంచి తరానికి వచ్చే వణుకు అని, తాగుడుకు దీనికి సంబంధం లేదని, మాత్రలతో చాలామందికి అదుపులో ఉంటుందని చెప్పారు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే రాజేశం అన్న తల వంచుకుని, మా అన్నకుండె అన్నాడట. ఆ మాట అనువదించిన మనిషి తర్వాత నాకు చెప్పాడు.

మేనేజర్ విచారణ పెట్టాడు. ఫిట్ షీట్ తెచ్చి బల్ల మీద పరిచాడు. నీకు ముందే తెలుసా అని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపే రాజేశం అన్న తనకొచ్చిన హిందీలో, ఆర్మరర్‌కు ఏమీ తెలియదు, నేనే దాచిపెట్టాను అని చెప్పాడు. నేను ఊరుకున్నాను. దాని గురించి ఇంతకంటే రాయడానికి నాకు మాటలు రావడం లేదు. పద్దెనిమిదేళ్ళు యూనిఫాం వేసుకున్నవాణ్ణి, అరవై దగ్గర పడిన మనిషిని నాకు అడ్డం నిలబెట్టి ఊరుకున్నాను.

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. థాపా కాలికి ఇనుప కడ్డీలు వేశారు. నన్ను చూసి లేవబోయాడు. క్షమించమని అడగడానికి వెళ్ళినవాణ్ణి, ఎలా మొదలుపెట్టాలో తెలియక రాజేశం చెయ్యి సంగతి నాకు ముందే తెలుసని చెప్పేశాను. అతను హిందీలో మెల్లగా అన్నాడు.

"మాకూ తెలుసు ఉస్తాద్. ఏడాదిగా ఆయన మ్యాగజైన్‌లో తూటాలు నింపింది నేనే."

ఒకతను ఆయనకు నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చేవాడట. ఇంకొకతను డ్యూటీ రిజిస్టరులో ఆయన సంతకం పెట్టేవాడట. మెస్‌లో చారు గిన్నె ఆయన చేతికి ఇవ్వకుండా ఎవరో ఒకరు వడ్డించేవారు. అందరం ఆయన్ని ఇష్టపడ్డాం, అందరం సాయం చేశాం, ఒక్కరం కూడా డాక్టరు దగ్గరికి పద అనలేదు. అన్నీ కలిపి చూస్తే పన్నెండు మంది కూడి ఒక జబ్బును మూడేళ్ళు పెంచి పోషించాం.

మర్నాడు పొద్దున్నే మేనేజర్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అరవలేదు. కోత్ తాళాలు బల్ల మీద పెట్టమన్నాడు. నెలాఖరుకు నా ఉద్యోగం పోయింది. ఇప్పుడు వేరే చోట, క్రీడల కోసం నడిపే ఒక షూటింగ్ రేంజిలో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. థాపా నాలుగు నెలల తర్వాత నేపాల్ వెళ్ళిపోయాడు. నడుస్తున్నాడు, కానీ కుంటుతున్నాడు. కొండ ఊరు వాళ్ళది, ఇంటికి పోవాలంటే మెట్లదారి ఎక్కాలి. నెలకోసారి ఫోన్ చేస్తాను. ఒక్కసారి కూడా నన్ను తప్పుపట్టలేదు. పట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

జనవరిలో రాజేశం అన్నను పంపించేశారు. కేసు పెట్టకుండా బాబా మాట సాయం చేశాడని విన్నాను. విమానాశ్రయంలో ట్రాలీ తోసుకుంటూ, మాత్రలు వాడుతున్నానని, గ్లాసు నిండా టీ తాగుతున్నానని చెప్పాడు. పందొమ్మిదేళ్ళ సామాను రెండు పెట్టెల్లో సర్దుకున్నాడు. లోపలికి వెళ్ళబోతూ ఆగి, లీవులో వచ్చినప్పుడు ఒక్కసారి మా ఊరికి వచ్చి నేను తాగలేదని నాలుగు మాటలు చెప్పు, నేను చెప్తే ఎవరూ నమ్మరు అన్నాడు. తప్పకుండా వస్తానన్నాను.

వెళ్ళడానికి ఆగస్టు అయింది. కొత్త ఉద్యోగంలో అంతకుముందు లీవు దొరకలేదని చెప్పుకోవచ్చు. మొహం చెల్లలేదన్నది అసలు సంగతి. విజయనగరంలో రైలెక్కి, వరంగల్‌లో దిగి, రెండు బస్సులు మారి ఆ ఊరు చేరాను. బస్సు ఆగిన చోట హోటలతణ్ణి రాజేశం ఇల్లు అడిగితే, "దుబాయ్‌ల తాగి తుపాకి పేల్చి వచ్చిండు, ఆయన ఇల్లేనా" అన్నాడు. కోపంతో కాదు, గుర్తు చెబుతున్నట్టు మామూలుగా అన్నాడు. ఆ ఊళ్ళో ఆయన విలాసం అదే అయిపోయింది.

రాజేశం అన్న చిక్కిపోయాడు. మీసం తెల్లబడింది. చేతులు అంతగా వణకడం లేదు. నన్ను చూడగానే ఇరుగుపొరుగుకు కబురు పంపి నలుగురు పెద్దమనుషులను పిలిపించాడు. వాకిట్లో మంచాలు వేశారు. అరుగు మీద ఒక పెద్దావిడ ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. చనిపోయిన తన అన్న లింగయ్య భార్య లచ్చవ్వ అని, పక్క ఇల్లేనని రాజేశం అన్న చెప్పాడు. ఆవిడ నాకు దండం పెట్టి మళ్ళీ పనిలో పడింది.

నేను చెప్పాల్సింది చెప్పాను. డాక్టర్ల కాగితం చదివి తెలుగులో విడమరిచాను. రక్తంలో మందు జాడ లేదని రాసిన చోటు వేలు పెట్టి చూపించాను. ఈ వణుకు జబ్బని, మూడేళ్ళు దాచుకుని ఉద్యోగం చేశాడని, నాకు తెలిసి కూడా అబద్ధం రాసి సంతకం పెట్టానని, తప్పులో సగం నాదని చెప్పాను. పెద్దమనుషులు తలలూపారు. ఒకాయన కాగితం తీసుకుని తిరగేసి చూశాడు. లచ్చవ్వ చేతులు ఆగిపోయాయి.

"సారూ, గీ బీమారి ఇంట్ల ఒక్కనికే వస్తదా, అన్నదమ్ములకు గూడ వస్తదా?"

నేను రాజేశం అన్న వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. డాక్టరు చెప్పి తొమ్మిది నెలలైంది, గోడకు అవతల ఉన్న వదినకు ఆ ఒక్క మాట చెప్పలేకపోయాడు. అన్నను కొట్టిన చెయ్యి గురించి మళ్ళీ ఎత్తాల్సి వస్తుందని భయం. నాకు మాత్రం ఇక దాచే ధైర్యం లేదు. వస్తుందమ్మా, అన్నదమ్ములకు కూడా వస్తుంది, మీ ఆయనకు వచ్చింది ఇదే అయి ఉంటుంది అన్నాను.

ఆవిడ చేట పక్కన పెట్టింది. తునికి ఆకులు, పొగాకు పొడి కింద చెదిరాయి.

"ఒట్టేసి చెప్పిండు సారూ. నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పిండు. గా చెయ్యి వణుకుతుంటే తాగే వణుకుతుండు అనుకుని తోసేసిన."

రాజేశం అన్న లేచి వెళ్ళి అరుగు కింద, ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆవిడ ఆయన్ని లెమ్మనలేదు.

తుపాకీ మనిషికి సరిపోతుందా లేదా చెప్పడం నా వృత్తి. ఇప్పుడు రేంజికి వచ్చిన ప్రతివాడి చేతులూ ముందు నా చేతుల్లోకి తీసుకుని చూస్తాను. వణికితే ఎందుకని అడుగుతాను, చెప్పిందాకా తుపాకీ ఇవ్వను. కొందరికి కోపం వస్తుంది, వచ్చినా సరే. ఒక స్నేహితుడి జబ్బును దాచి ఆయన పరువు కాపాడుతున్నాననుకుని సంతకం పెట్టాను. ఆ రోజే నిజం రాసి ఉంటే థాపా కాలు బాగుండేది. మొగుడు అబద్ధమాడలేదన్న సంగతి లచ్చవ్వకు దాదాపు ఏడాదిన్నర ముందే తెలిసేది.